నా నోట్లో టార్చి వేసి చూసిన సిస్టర్

నాకు లూపస్ ఉంది. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీదికి తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బు ఇది. వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే, అందులోనూ 15కీ 45కీ మధ్య వయసువాళ్ళు ఎక్కువ. కీళ్ళతోనో, చర్మంతోనో, జ్వరంతోనో బయటపడుతుంది. నాకూ అలాగే మొదలైంది. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునేసరికి అది మెదడు దాకా వెళ్ళింది. జబ్బు పేరు తెలిసే నాటికి నేను సైకియాట్రీ వార్డులో ఉన్నాను.

ఇప్పుడు బాగున్నాను. స్టెరాయిడ్ డోసు చాలా తగ్గింది, రక్తపరీక్షలు నిలకడగా వస్తున్నాయి, రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. ఇన్నాళ్ళూ దీని గురించి రాయాలంటేనే భయం వేసేది, తలుచుకుంటే మళ్ళీ వస్తుందేమోనని. ఆ భయం సడలింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. కొందరికి చెప్పుకోవాల్సిన కృతజ్ఞత కూడా నాలోనే ఉండిపోయింది. రెండూ ఇక్కడ దించుకుంటున్నాను.

ముందు వేళ్ళు. పొద్దున్న లేచేసరికి బిగుసుకుపోయి ఉండేవి. జడ వేసుకుందామంటే మడత పడేవి కావు, మధ్యాహ్నానికి వాటంతట అవే సర్దుకునేవి. సాయంత్రమయితే ఒళ్ళు వెచ్చబడేది. దువ్వెన పెడితే జుట్టు పోగులు పోగులుగా వచ్చేది. ఎండలో తిరిగి వచ్చిన రోజు ముక్కు మీదుగా రెండు చెంపలకీ ఎర్రగా పొంగేది. ఒక డాక్టరు నొప్పి మాత్రలు రాశారు. ఇంకొకరు రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. ఆ తర్వాత వెళ్ళినాయన నా వైపు చూడకుండా అమ్మతో అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "అమ్మాయికి జబ్బేమీ లేదండీ. ఈ వయసులో అనవసరంగా టెన్షన్ పెట్టుకుంటే ఒళ్ళు ఇలాగే చేస్తుంది. ఏదో ఒక పనిలో పెట్టండి, అదే పోతుంది."

ఆయన నా వేళ్ళు పట్టుకుని చూడలేదు. నోరు తెరవమనలేదు. మూత్రపరీక్ష రాయలేదు. అది చేయించి ఉంటే ప్రొటీన్ పోతున్న సంగతి అప్పుడే తెలిసేదని తర్వాత రుమటాలజిస్టు, అంటే కీళ్ళ జబ్బులూ ఇలాంటి ఆటోఇమ్యూన్ జబ్బులూ చూసే డాక్టరు, చెప్పారు. ఆ మాట అనడానికి ఆయనకు నిమిషం పట్టలేదు గానీ, మా ఇంట్లో అది చాలాకాలం కాపురం పెట్టింది. నిద్ర పట్టడం లేదంటే టెన్షన్. నీరసమంటే టెన్షన్. పుస్తకంలో పేజీ దాటలేకపోతున్నానంటే టెన్షన్. అన్నయ్య ప్రేమగానే అనేవాడు, "డాక్టరే చెప్పాడు కదే, అంత ఆలోచించకు" అని. నేనూ నమ్మాను. చదువుకున్న మనిషి, అంత అనుభవం ఉన్న మనిషి చెబితే ఎవరు మాత్రం నమ్మరు?

తర్వాత వాసన మొదలైంది. ప్లాస్టిక్ కాలుతున్న వాసన. అర్ధరాత్రి లేచి ఇల్లంతా తిరిగేదాన్ని. అన్నయ్య ప్రతి స్విచ్‌బోర్డూ విప్పి చూశాడు, ఎక్కడా ఏమీ లేదు. నాకు మాత్రం గొంతులో దిగేంత ఘాటుగా ఉండేది. ఆ తర్వాత గోడ గడియారం. నేను ఏదైనా అనుకోగానే సెకన్ల ముల్లు ఒక్క క్షణం ఆగేది, నా ఆలోచన ఎవరో రాసుకుంటున్నట్టు. అది ఆగడం నేను కళ్ళారా చూశాను. భ్రమ అని ఇప్పుడు తెలుసు. కానీ అప్పుడు అది అనుమానం కాదు, చూసిన సంగతి. "అలా ఎలా నమ్మావు?" అని అడిగేవాళ్ళకు ఇంతకంటే ఏం చెప్పాలో నాకు తెలియదు. మీ ఎదురుగా ఉన్న గోడను మీరు ఎలా నమ్ముతున్నారో నేనూ అలాగే నమ్మాను.

ఆసుపత్రిలో ఎలా చేర్చారన్నది పెద్దగా గుర్తులేదు. అన్నయ్య గట్టిగా పట్టుకోవడం, ఒక ఇంజెక్షన్, పొడుగాటి వరండా. మొదటిసారి వచ్చిన సైకోసిస్ అని, అంటే లేనిది ఉన్నట్టు తోచి వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి అని రాసుకున్నారు, మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలు విషమని నా నమ్మకం. నాలుక కింద దాచి బాత్‌రూములో ఉమ్మేసేదాన్ని. ఇలా చేసేవాళ్ళు ఆ వార్డులో చాలామంది ఉంటారు కాబట్టి, మాత్ర ఇచ్చాక సిస్టర్లు నోరు తెరిపించి టార్చి వేసి చూస్తారు. నాకు చచ్చేంత అవమానంగా ఉండేది. నన్ను బతికించింది ఆ టార్చే.

ఆ రాత్రి గురించి కొంచెం వివరంగా రాయాలి.

జ్వరం ఎక్కువగా ఉంది. అమ్మ నా మంచం పక్కన కుర్చీలో కూర్చునే కునుకు తీస్తోంది. నేను ఆమెనే చూస్తున్నాను. చూస్తుండగానే అర్థమైంది, ఈవిడ అమ్మ కాదు. ముఖం అదే, చీర అదే, నిద్రలో నోరు కొద్దిగా తెరుచుకోవడం కూడా అదే. కానీ అమ్మ కాదు. అమ్మ మణికట్టు మీద పాత కాలిన మచ్చ ఒకటి ఉంటుంది, చిటికెన వేలంత పొడవు, ఒక చివర కాస్త వంకర. దిగి వెళ్ళి ఆ చెయ్యి తిప్పి చూశాను. మచ్చ ఉంది. వంకర కూడా ఉంది. ఊరట కలగాల్సింది పోయి నా ఒళ్ళు జలదరించింది. మచ్చ కూడా దించేశారు, ఎంత పకడ్బందీగా చేశారు అనుకున్నాను.

అమ్మ లేచింది. నా చిన్నప్పటి సంగతి ఒకటి అడిగాను, మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియనిది. ఆమె సరిగ్గా చెప్పింది. దాంతో భయం ఇంకా పెరిగింది. ఇదంతా అమ్మ నోటి నుంచే రాబట్టి ఉంటారు. అయితే అమ్మను ఎక్కడ పెట్టారు? ఏం చేశారు? అమ్మ కోసం అమ్మ ఎదురుగానే నిలబడి గొంతు పగిలేలా ఏడ్చాను. చేతికి ఉన్న సెలైన్ పీకేశాను. నేల మీద రక్తం చుక్కలు పడ్డాయి.

అమ్మ నన్ను పట్టుకోవడానికి రాలేదు. రెండడుగులు వెనక్కి వేసి అంది: "సరేనమ్మా. నేను మీ అమ్మను కాదు. మీ అమ్మ వచ్చేదాకా ఇక్కడ కూర్చుంటాను. నీకు ఫర్వాలేదా?"

ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎలా తోచిందంటే, "నువ్వు ఏడుస్తున్నది నా కోసమే కదా, ఆ సంగతి నాకు తెలిసిపోయింది" అంటుంది.

పక్క మంచం మీద నా వయసు అమ్మాయే ఒకామె ఉండేది. ఆమెకూ మొదటిసారే. అంత గొడవలోనూ తన దుప్పటి తెచ్చి నా కాళ్ళ మీద వేసి చెవి దగ్గర చెప్పింది: "భయపడకు. నాకూ ఇలాగే అయింది. పొద్దున్నకి మళ్ళీ మీ అమ్మే వస్తుంది." ఆ రాత్రి నేను నమ్మింది ఆ అమ్మాయి ఒక్కదాన్నే.

అప్పుడు వచ్చింది సిస్టర్, మాత్ర వేయడానికి. మింగాను. నోరు తెరవమంది, టార్చి వేసింది. నాలుక కింద చూసింది, పక్కలు చూసింది. అక్కడితో అయిపోవాలి. ఆమె టార్చి కొంచెం పైకి తిప్పింది.

"తల వెనక్కి వాల్చమ్మా. అంగిలి మీద ఈ పుండ్లు ఎప్పటి నుంచీ ఉన్నాయి?"

నాకు తెలియదు. నొప్పి ఉంటే కదా తెలిసేది.

"నొప్పి లేదా? తినేటప్పుడు మండదా?"

లేదన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. ట్యూబులైటు కిందికి జరగమని నా చెంపలు చూసింది. వేళ్ళ కణుపులు నొక్కింది. పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీస్తే గుంట పడి, అలాగే ఉండిపోయింది. అమ్మవైపు తిరిగి, "జుట్టు రాలుతోందా అండీ?" అని అడిగింది. అమ్మ, పాపం, అమ్మ కాని అమ్మ, అన్నీ చెప్పింది. వేళ్ళు బిగుసుకోవడం, ఎండకు ఎర్రబడటం, సాయంత్రాల జ్వరం. అన్నీ విని ఎక్కడా టెన్షన్ అనని మొదటి మనిషి ఈ సిస్టరే.

డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే పొద్దున్న చూద్దాం లెమ్మన్నారట. ఆమె ఊరుకోకుండా కేస్‌షీట్‌లో అంతా రాసింది. షిఫ్టు అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా రౌండ్స్ దాకా ఉండి, పెద్ద డాక్టరు వచ్చాక తన చేత్తోనే టార్చి పట్టి చూపించింది. ఆ సైకియాట్రిస్టుకూ నేను రుణపడి ఉన్నాను. చూడగానే అక్కడి నుంచే రుమటాలజీకి ఫోన్ చేశారు. "ఇది మా జబ్బు కాదు, తీసుకెళ్ళండి" అని చేతులు దులుపుకోలేదు, చివరిదాకా రోజూ వచ్చి చూశారు.

పరీక్షల గురించి ఎక్కువ రాయను. సొంత కణాల మీదికే తిరిగే యాంటీబాడీలను పట్టే ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్, డీఎన్ఏ మీది యాంటీబాడీలు బాగా ఎక్కువ, రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు బాగా తక్కువ. మూత్రంలో ప్రొటీన్, అంటే కిడ్నీల మీద కూడా పడింది. ఇన్‌ఫెక్షన్ కాదని తేల్చుకోవడానికి వెన్నులోంచి నీరు తీశారు. ఎమ్మారైలో చెప్పుకోదగ్గదేమీ కనిపించలేదు. లూపస్ వల్ల సైకోసిస్ వచ్చినవాళ్ళలో స్కాన్ మామూలుగా ఉండటం అరుదేమీ కాదని చెప్పారు. ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంటి లోపలి వాపు, ఉందో లేదో చూపే రక్తపరీక్షల్లో ఈఎస్ఆర్ ఎక్కువే, సీఆర్‌పీ మాత్రం అంతగా లేదు. లూపస్‌లో అదీ మామూలేనట. కాబట్టి సీఆర్‌పీ ఒక్కటే చేయించి ఇన్‌ఫ్లమేషన్ లేదనుకుని ఇంటికి వెళ్ళిపోకండి.

ఇంకో సంగతి నాకు తర్వాత తెలిసింది. లూపస్‌ను వర్గీకరించడానికి 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి ఒక పాయింట్ల పద్ధతి పెట్టాయి. ఏఎన్ఏ పాజిటివ్‌గా ఉండి 10 పాయింట్లు వస్తే లూపస్. ఆ జాబితాలో సైకోసిస్‌కే 3 పాయింట్లు ఉన్నాయి. జుట్టు రాలడం, నోటిలో పుండ్లు, జ్వరం, కీళ్ళు, మూత్రంలో ప్రొటీన్, అన్నీ ఉన్నాయి. నేను ఆ డాక్టర్ల చుట్టూ తిరుగుతూ మోసుకెళ్ళిన జాబితా అదే. చదివిన రోజు నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

ఇక వైద్యం దగ్గరే అసలు చిక్కు వచ్చింది. లూపస్ ఇంత తీవ్రంగా ఉంటే రోగనిరోధక వ్యవస్థను అణిచే స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో ఇవ్వాలి. స్టెరాయిడ్లతోనే సైకోసిస్ రావచ్చు. అన్నయ్య రాత్రంతా ఫోన్‌లో చదివి, "మంటను ఆర్పడానికి మంటే పోస్తామంటున్నారు, నేను సంతకం పెట్టను" అన్నాడట. వాడి భయంలో తప్పు లేదు. 1972లో బోస్టన్‌లో ఆసుపత్రి రోగుల మీద జరిగిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ చెప్పుకునేదే. రోజుకు 40 మిల్లీగ్రాముల వరకు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో నూటికి 1.3 మందికి మానసిక సమస్యలు వస్తే, 80 దాటినవాళ్ళలో నూటికి 18.4 మందికి వచ్చాయి. నాకు ఇవ్వబోయేది అంతకంటే ఎక్కువ.

రుమటాలజిస్టు మేడమ్ వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "స్టెరాయిడ్ వల్ల వచ్చేదయితే స్టెరాయిడ్ మొదలుపెట్టాక వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. మీ చెల్లికి స్టెరాయిడ్ చుక్క పడకముందే వచ్చింది. కాంప్లిమెంట్లు పడిపోయాయి, కిడ్నీ పాడవుతోంది. జబ్బును వదిలేస్తే మనిషే దక్కదు. సైకోసిస్ మందు పక్కన నడుస్తూనే ఉంటుంది, నేనూ సైకియాట్రిస్టూ రోజూ మాట్లాడుకుంటాం." వాడు సంతకం పెట్టాడు.

మొదటి రోజుల్లో నేను ఇంకా అధ్వాన్నమయ్యాను. నిద్ర లేదు, ఆగకుండా మాటలు, చేతులు కట్టేసే దాకా వచ్చిందట. అది జబ్బో మందో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. వేరే డిపార్ట్‌మెంటు నుంచి వచ్చిన ఒక డాక్టరు అమ్మ ఎదుటే, "ముందే చెప్పాను, స్టెరాయిడ్ ఆపండి" అని గొడవ పెట్టుకున్నారు. మంచం మీద మనిషి ఉందని, పక్కన తల్లి వింటోందని గమనించి మాట్లాడితే బాగుండేది. మేడమ్ మందు ఆపలేదు. పొద్దున్నే ఇచ్చేలా వేళ మార్చారు, సైకియాట్రిస్టు తన మందు పెంచారు, రోగనిరోధక వ్యవస్థను అణిచే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు కలిపారు. ఆ రోజు భయపడి ఆపేసి ఉంటే నేనేమయ్యేదాన్నో ఆలోచించను. దేవుడు ఉన్నాడని అమ్మ అంటుంది. ఆ రోజు మేడమ్ ధైర్యంలో ఉన్నాడని నేనూ నమ్ముతున్నాను.

తేరుకోవడం ఒక్కసారిగా జరగలేదు. ముందు వాసన పోయింది. తర్వాత గడియారం మామూలు గడియారమైంది. అమ్మ విషయం మాత్రం చివరిదాకా ఉంది. ఒకరోజు ఆమె బట్టలు మడతపెడుతుంటే మణికట్టు మీది మచ్చ కనబడి, "ఇది ఎలా కాలింది?" అని అడిగాను. చెప్పింది. విన్నాను. విన్నాక గమనించాను, ఈసారి నేను ఆమెను పరీక్షించడం లేదు, ఊరికే అడిగాను. ఆమెకూ తెలిసింది. ఇద్దరం ఏమీ అనుకోలేదు, మడతపెట్టాల్సిన బట్టలు ఇంకా ఉన్నాయి.

అదే సమయంలో స్టెరాయిడ్ల వల్ల నా ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. అద్దంలో చూసుకుంటే ఎవరో. మనుషుల్ని మార్చేస్తున్నారని నమ్మి అప్పుడప్పుడే బయటపడుతున్న నాకు అది ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ సిస్టరే వచ్చి, "ఇది మందు వల్ల అమ్మా, డోసు తగ్గితే తగ్గుతుంది, నువ్వు నువ్వే" అని ముందే చెప్పింది. ఇంత పెద్ద డోసు ఇచ్చేటప్పుడు ముఖం మారుతుందని చెప్పాలని ఏ డాక్టరుకూ తోచలేదు.

కుదుటపడ్డాక నాకు జరిగిందేమిటో తెలుసుకోవాలనిపించింది. ప్రతి చెకప్‌లోనూ మేడమ్‌ని విసిగించాను. మెదడులోని రక్తనాళాల గోడలు గట్టి కాపలా లాంటివి, రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ లోపలికి పోనివ్వవు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరిగినప్పుడు ఆ కాపలా సడలవచ్చు. లూపస్‌లో డీఎన్ఏ మీదికి తయారయ్యే యాంటీబాడీలలో కొన్ని, మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్లను కూడా పట్టుకుంటాయని 2001లో అమెరికాలో బెట్టీ డైమండ్ బృందం చూపించింది. తర్వాత ఎలుకల్లో చూస్తే, ఆ యాంటీబాడీలు రక్తంలో ఉన్నంతసేపూ మెదడుకు ఏమీ కాలేదు. బ్యాక్టీరియా పదార్థం ఎక్కించి ఆ గోడలు సడలేలా చేశాకే జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోక్యాంపస్ కణాలు దెబ్బతిన్నాయి. ఆ రిసెప్టర్‌ను కెటమిన్ లాంటి మందుతో అడ్డుకుంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా కాసేపు సైకోసిస్ లాంటి లక్షణాలు వస్తాయి. అదే రిసెప్టర్ మీద నేరుగా దాడిచేసే ఇంకో జబ్బును 2007లో జోసెప్ డాల్మావ్ బృందం వివరించింది. అందులోనూ ఎక్కువమంది ఆడపిల్లలే, వాళ్ళలో చాలామందిని ముందు తీసుకెళ్ళేది సైకియాట్రిస్టు దగ్గరికే. నా విషయంలో ఫలానా యాంటీబాడీ అని ఎవరూ వేలు పెట్టి చూపలేదు. దారి ఇలాంటిదే అయి ఉంటుందన్నారు.

లూపస్ లేనివాళ్ళ సంగతి కూడా చదివాను. డెన్మార్క్‌లో ప్రభుత్వ రికార్డుల ఆధారంగా 2011లో వచ్చిన అధ్యయనంలో, ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్ళకు స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం 29 శాతం, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళకు 60 శాతం ఎక్కువగా కనిపించింది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తే, 9 ఏళ్ళప్పుడు రక్తంలో ఐఎల్-6 అనే ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో 18 ఏళ్ళకు సైకోసిస్ లాంటి అనుభవాలు ఎక్కువగా కనిపించాయని 2014లో ప్రచురించారు. ఇంకా మందులు మొదలుపెట్టని, మొదటిసారి సైకోసిస్ వచ్చిన రోగుల రక్తంలో కూడా ఇలాంటి ప్రొటీన్లు సగటున ఎక్కువగా ఉన్నాయి. సగటున అన్న మాట ముఖ్యం. చాలామందిలో అవి మామూలుగానే ఉంటాయి. ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తే సైకోసిస్ తగ్గుతుందనే ఆశతో బ్రిటన్‌లో 207 మందితో మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను పరీక్షించి చూశారు. 2018లో ఫలితం వచ్చింది, డమ్మీ మాత్ర కంటే మేలేమీ చేయలేదు. కాబట్టి ఇది చదివి ఎవరూ సైకియాట్రీ మందులు ఆపేసి వాపు తగ్గించే మాత్రలు వేసుకోవద్దు. చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇక పెద్దమ్మ మాట. నేను ఇంటికి వచ్చాక చూడటానికి వచ్చింది. నా తల నిమురుతూ అమ్మతో అంది: "పోనీలే, ఒంటి జబ్బేనట. పిచ్చి కాదు. నలుగురిలో చెప్పుకోవచ్చు."

ఇంట్లో అందరి ముఖాలూ తేలికపడ్డాయి. నా ప్రాణం చివుక్కుమంది.

పక్క మంచం అమ్మాయి గుర్తొచ్చింది. నా సంగతి బయటపడ్డాక ఆ వార్డులో ఆమె నోట్లో కూడా టార్చి వేసి చూశారు. ఆమెకూ అవే పరీక్షలు చేశారు. అన్నీ మామూలుగా వచ్చాయి. వాళ్ళమ్మ ఒకరోజు వరండాలో మా అమ్మ చెయ్యి పట్టుకుని అడిగిందట: "మీ అమ్మాయికి ఏ పరీక్షలో బయటపడిందండీ? మా అమ్మాయికి ఇంకోసారి చేయించమని అడగనా?" కూతురికి లూపస్ రావాలని కోరుకుంది ఆ తల్లి. కిడ్నీలు తినేసే జబ్బు, జన్మంతా మందులు మింగాల్సిన జబ్బు. అది వస్తే నయమనుకుంది. ఎందుకంటే దానికి ఒక కాగితం ఉంటుంది, నలుగురిలో చెప్పుకోవచ్చు.

మా ఇద్దరికీ వినబడిందీ కనబడిందీ ఒకటే. మా అమ్మల మీద మాకు పుట్టిన భయం ఒకటే. నాకు ఏం జరుగుతోందో డాక్టర్లకంటే ముందు చెప్పగలిగింది ఆమె. నా రక్తంలో దొరికింది ఆమె రక్తంలో దొరకలేదు, అంతే తేడా. ఆమె మెదడులో ఏమీ జరగడం లేదని దాని అర్థం కాదు. ఇవాళ మన దగ్గరున్న పరీక్షలకు అందలేదని మాత్రమే. నాకు దొరికిన సానుభూతి ఆమెకు దొరకకపోవడానికి అది కారణమంటే నేను ఒప్పుకోను. పెద్దమ్మతో అదే చెప్పాను. "నాకు వచ్చింది పిచ్చే పెద్దమ్మా. దానికి కారణం దొరికింది, మందు దొరికింది. ఆ అమ్మాయికి కారణం దొరకలేదు, మందు ఉంది. ఇద్దరం రోగులమే." పెద్దమ్మ నొచ్చుకుంది. అమ్మ ఆ రోజు ఆమెను సమాధానపరచలేదు, నా పక్కనే నిలబడింది.

మీ ఇంట్లో ఎవరికైనా మొదటిసారి ఇలా జరిగితే సైకియాట్రిస్టు దగ్గరికి వెంటనే తీసుకెళ్ళండి. ఆలస్యం చేసినకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. వెళ్ళినప్పుడు ఒంటి సంగతులు కూడా మీరే చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి. జ్వరం, కొత్తగా వచ్చిన తలనొప్పి, ఫిట్స్, కీళ్ళ వాపు, దద్దుర్లు, నోట్లో పుండ్లు, వింతగా చేతులు మూతులు కదలడం, మనిషి బిగుసుకుపోవడం, రోజుల్లోనే ఒక్కసారిగా మారిపోవడం, సైకోసిస్ మందు వేయగానే విపరీతంగా వికటించడం, వీటిలో ఏది ఉన్నా "ఇది ఆటోఇమ్యూన్ ఏమైనా అయ్యే అవకాశం ఉందా డాక్టర్ గారూ?" అని అడగండి. విసుక్కుంటే మళ్ళీ అడగండి. స్టెరాయిడ్లు మొదలుపెడితే వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, ప్రాణం మీదికి వస్తుంది. కాగితం మీద మీ హెచ్చరిక గుర్తులు రాసి ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి. నా కాగితంలో నిద్ర పట్టకపోవడం, కాలిన వాసన, అంగిలి పుండ్లు, మూత్రంలో నురగ ఉన్నాయి. అమ్మ తన చేత్తో ఇంకోటి చేర్చింది: నన్ను ఎవరు నువ్వు అని అడిగితే.

సైకోసిస్ మందును సైకియాట్రిస్టు మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు. లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపేది లేదన్నారు. దానివల్ల కంటి రెటీనా దెబ్బతినకుండా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. రోగనిరోధక వ్యవస్థను అణిచే మైకోఫెనోలేట్ ఇంకొన్నేళ్ళు. ఎండలోకి వెళితే గొడుగు, సన్‌స్క్రీన్. వచ్చే చెకప్‌లో మూత్రంలో ప్రొటీన్ ఇలాగే ఉంటే స్టెరాయిడ్ ఇంకొంచెం తగ్గిస్తామన్నారు. నన్ను పనిలో పెట్టమన్న డాక్టరుగారికి నా డిశ్చార్జి సమ్మరీ కాపీ ఒకటి పోస్టులో పంపాను, మొదటి పేజీలో నోటి పుండ్ల దగ్గర గీత గీసి.